మెదడు పొరల వాపు తగ్గిన పిల్ల మళ్ళీ ఈదవచ్చునా?

"డాక్టరుగారూ! మా అమ్మాయికి పద్నాలుగో ఏడు. మునిసిపాలిటీ వారి ఈతకొలనులో నాలుగేళ్ళుగా ఈత నేర్చుకుంటోంది. పోయిన నెల విపరీతమైన తలనొప్పి, జ్వరం, వాంతులు వచ్చి ఆస్పత్రిలో చేర్చాము. వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేసి వైరల్ మెనింజైటిస్ అన్నారు. తొమ్మిదో రోజున ఇంటికి పంపారు. ఇప్పుడు జ్వరం లేదు గాని సాయంత్రమయ్యేసరికి పిల్ల వాడిపోతోంది. మా అత్తగారు 'మెదడువాపు వచ్చిన పిల్లని మళ్ళీ నీళ్ళలోకి పంపితే నేనీ ఇంట్లో ఉండను' అంటున్నారు. ఈత మాస్టారేమో జిల్లా పోటీలకు పేరిచ్చేశానంటున్నారు. అమ్మాయి గోడమీద హాలండు ఈతగత్తె బొమ్మ ఒకటి అంటించుకుంది. ఆవిడకు కూడా ఇదే జబ్బు వచ్చిందట, తగ్గాక ఒలింపిక్స్‌లో గెలిచిందట. ఇది నిజమేనా, లేక మమ్మల్ని ఒప్పించడానికి అంటోందా?"

నిజమేనమ్మా. మీ అమ్మాయి మిమ్మల్ని మభ్యపెట్టడం లేదు. ఆ ఈతగత్తె పేరు రనోమీ క్రోమోవిజోయో. ఈ వారం శీర్షిక మొత్తం మీ ఉత్తరానికే ఇస్తున్నాను. మధుమేహం గురించీ, మోకాళ్ళ నొప్పుల గురించీ రాసిన పాఠకులు ఒక్క వారం ఓపిక పట్టాలి. మీ అత్తగారి భయం ఒక్క మీ ఇంటిది కాదు. ఈ జబ్బు పేరు వినగానే పిల్ల బతుకు అక్కడితో ఆగిపోయినట్టు మాట్లాడే ఇళ్ళను నేను చాలా చూశాను. అలాగే, జ్వరం దిగగానే పుస్తకాల సంచి భుజాన వేసి పంపించే ఇళ్ళను కూడా చూశాను.

ముందు ఆ హాలండు అమ్మాయి సంగతి చెబుతాను.

రనోమీ 1990 ఆగస్టు 20న నెదర్లాండ్స్ ఉత్తరాన గ్రోనింగెన్ నగరానికి దగ్గరలో సావెర్ట్ అనే చిన్న ఊళ్ళో పెరిగిన కుటుంబంలో పుట్టింది. ఇంటిపేరు చూస్తే డచ్చివారి పేరులా ఉండదు. ఆమె తండ్రివైపు వారు దక్షిణ అమెరికాలోని సురినామ్‌లో స్థిరపడిన జావా సంతతివారు. మనవాళ్ళను మారిషస్‌కీ, ఫిజీకీ చెరకుతోటల్లో పనికి ఓడలెక్కించినట్టే, జావా వారిని 1890 నుంచి డచ్చివారు సురినామ్ తోటలకు తీసుకుపోయారు. ఆ కూలీల ఇంటిపేరు ఎన్నో ఏళ్ళ తర్వాత ఒలింపిక్స్ ఫలకంమీద వెలిగింది.

హాలండు దేశంలో ఈత సరదా మాత్రమే కాదు. ఆ దేశంలో పెద్దభాగం సముద్రమట్టానికి దిగువన ఉంది. ఇంటిముందు కాలవ, పెరట్లో కాలవ. అందుకని పిల్లలకు చిన్నతనంలోనే ఈత నేర్పి పరీక్ష పెడతారు. ఎ, బి, సి అని మూడు మెట్లుగా ధ్రువపత్రాలు ఇస్తారు. ఆ పరీక్షలో పిల్లలు ఒంటిమీద బట్టలతో, కాళ్ళకు చెప్పులతో నీళ్ళలో దిగి ఈదాలి. కాలవలో పడే పిల్ల ఈత దుస్తులు వేసుకుని పడదు గదా! మన గోదావరి, కృష్ణా కాలవగట్ల వెంబడి ఉన్న ఊళ్ళవాళ్ళు ఈ ఒక్క సంగతీ నేర్చుకుంటే బాగుండునని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

2008లో పెకింగ్ ఒలింపిక్స్‌లో నలుగురు కలిసి ఈదే 400 మీటర్ల ఫ్రీస్టయిల్ రిలేలో హాలండు జట్టు స్వర్ణ పతకం గెలిచింది. ఆ నలుగురిలో రనోమీ ఒకతె. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్ళు నిండలేదు. మరుసటి ఏడు రోమ్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లోనూ అదే రిలేలో స్వర్ణం. ఇక సొంతంగా, ఒంటరిగా గెలవడమే మిగిలింది.

అటువంటి సమయంలో, 2010 జులైలో, స్పెయిన్‌కు చెందిన టెనెరీఫ్ దీవిలో సాధన శిబిరంలో ఉండగా ఆమెకు జబ్బు చేసింది. ఆస్పత్రిలో చేర్చారు. వైరస్ వల్ల వచ్చిన మెదడు పొరల వాపు అని తేల్చారు. మీ అమ్మాయికి వచ్చిందీ అదే. మరుసటి నెలలో బుడాపెస్ట్‌లో జరిగిన ఐరోపా పోటీలకు ఆమె వెళ్ళలేదు.

ఇక్కడ కాసేపు ఆ అమ్మాయిని పక్కనపెట్టి జబ్బు గురించి చెప్పుకోవాలి. ఎందుకంటే మీ అత్తగారు అన్న మాటలోనే ఒక పొరపాటు ఉంది. మీ అమ్మాయికి వచ్చింది మెదడువాపు కాదు, మెదడు పొరల వాపు. ఒక్క మాటే తేడాగాని, జబ్బులు రెండు.

కొబ్బరికాయ కొట్టినప్పుడు చిప్పకీ లోపలి కొబ్బరికీ మధ్య పలచటి గోధుమరంగు పొర కనబడుతుంది గదా. మెదడుకీ పుర్రెకీ మధ్యన కూడా అటువంటి పొరలు ఉంటాయి, ఒకటి కాదు, మూడు. ఆ పొరల నడుమ తేటనీరు వంటి ద్రవం ప్రవహిస్తుంటుంది. సూక్ష్మజీవులు ఆ పొరలను పట్టుకుంటే అది మెనింజైటిస్. తల పగిలిపోయే నొప్పి, జ్వరం, వాంతులు, వెలుతురు చూడలేకపోవడం, గడ్డం ఛాతీకి ఆనేలా మెడ వంచలేకపోవడం దాని లక్షణాలు. మెదడు కండనే పట్టుకుంటే అది మెదడువాపు. అందులో మాట తడబడుతుంది, మనుషుల్ని గుర్తుపట్టరు, ఫిట్స్ వస్తాయి, స్పృహ తప్పుతుంది. వరిపొలాల నీళ్ళలో పెరిగే దోమల వల్ల వచ్చే జపనీస్ మెదడువాపు ఈ రెండో జాతిది. 1999లో మన రాష్ట్రంలో అది పిల్లల్ని పొట్టన పెట్టుకున్న రోజులు పెద్దవాళ్ళకు ఇంకా గుర్తున్నాయి. అందుకే మీ అత్తగారు అంత బెదిరారు. ఆవిడను తప్పుపట్టకండి.

పొరల వాపులో మళ్ళీ రకాలున్నాయి. అసలు ప్రమాదమంతా ఆ రకాన్ని తేల్చుకోవడంలోనే ఉంది. బాక్టీరియా వల్ల వచ్చేది గంటల్లో ముదురుతుంది. మందు ఆలస్యమైతే ప్రాణం తీస్తుంది, లేదా చెవుడు మిగిల్చి పోతుంది. క్షయ వల్ల వచ్చేది నెమ్మదిగా, రెండు మూడు వారాలపాటు సన్నటి జ్వరం, చిరాకు, తలనొప్పిగా వచ్చి ఒకరోజు మగతలోకి దించుతుంది. దానికి నెలల తరబడి మందులు వాడాలి. ఇక వైరస్ వల్ల వచ్చేది చాలామందిలో వారం పదిరోజుల్లో తనంతట తానే తగ్గిపోతుంది. సామాన్యంగా ఇవి కడుపులో చేరే వైరసులు. చేతులు సరిగా కడుక్కోకపోవడం, ఒకరి సీసాలో నీళ్ళు ఇంకొకరు తాగడం, తుమ్ములు, దగ్గులు వీటికి దారులు. సోకినవాళ్ళలో చాలామందికి ఒకటి రెండు రోజుల జ్వరంతో సరిపోతుంది. ఏ కొద్దిమందికో పొరలదాకా పోతుంది. ఒకప్పుడు గవదబిళ్ళలు కూడా దీనికి పెద్ద కారణంగా ఉండేవి.

అన్నింటికీ మొదటి రోజు లక్షణాలు ఒకటే. పక్కమీద పడుకోబెట్టి చూస్తే ఎంత అనుభవం ఉన్న డాక్టరుకైనా అది ఏ రకమో ఖచ్చితంగా తెలియదు. తేల్చేది వెన్ను నీరే.

ఈ వెన్ను నీరు తీయడమంటే మన ఇళ్ళలో ఉన్న భయం ఇంతా అంతా కాదు. "నడుంలో సూది వేస్తే కాళ్ళు పడిపోతాయి", "నీరంతా తీసేస్తే మెదడు ఎండిపోతుంది" అంటారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక కుర్రవాడిని ఎత్తుకొచ్చారు. ఎనిమిదేళ్ళుంటాయి. మెడ కర్రలా బిగుసుకుపోయింది. వెన్ను నీరు తీయాలన్నాను. తండ్రి ఒప్పుకున్నాడు. ఇంతలో నాయనమ్మ వచ్చి పిల్లవాణ్ణి మంచంమీంచి లేపి చంకన వేసుకుంది. నేను పొమ్మనలేదు, కాని ఆపలేకపోయాను కూడా. యాంటీబయాటిక్ సూది ఒక్కటైనా వేసి పంపుతానంటే దానికి కూడా నిలవలేదు. రెండు రోజుల తర్వాత మూడు ఫిట్స్ వచ్చాక తిరిగి తీసుకొచ్చారు. అప్పుడు తీసిన నీరు బియ్యం కడిగిన కుడితిలా ఉంది. పిల్లవాడు బతికాడు. రెండు చెవులూ పోయాయి. తర్వాత చాలా ఏళ్ళపాటు ఆ నాయనమ్మ సంతకు వచ్చినప్పుడల్లా నా గుమ్మం ముందు నిలబడి వెళ్ళేది, ఏమీ అడిగేది కాదు. ఆ రోజు నేను ఇంకొంచెం ఓపిగ్గా చెప్పి ఉంటే వినేదేమో.

అందుకని ఇప్పుడు ఓపిగ్గా చెబుతున్నాను. మన వెన్నుపాము నడుం కిందివరకూ ఉండదు. పెద్దవాళ్ళలో నడుం పైభాగానే ఆగిపోతుంది. సూది వేసేది దానికి కింద, వెన్నుపాము లేనేలేని చోట. అక్కడ నీళ్ళలో వేలాడే నరాల పోగులే ఉంటాయి, సూది తగిలితే పక్కకు జరుగుతాయి. సిజేరియన్ ఆపరేషనుకు ముందు మత్తు సూది వేసేది కూడా ఆ ప్రాంతంలోనే. మీ వీధిలో ఎంతమంది తల్లులు ఆ సూది వేయించుకుని లేచి తిరుగుతున్నారో లెక్కపెట్టండి. ఇక నీరు ఎండిపోవడం మాట. ఒంట్లో ఆ ద్రవం మొత్తం 150 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. రోజుకు 500 మిల్లీలీటర్లు కొత్తగా ఊరుతూనే ఉంటుంది. పరీక్షకు తీసేది ఒకటి రెండు చెంచాలు. అరగంటలో ఊరిపోతుంది. తర్వాత కొందరికి ఒకటి రెండు రోజులు తలనొప్పి వస్తుంది, పడుకుంటే తగ్గుతుంది. కొందరు రోగులకు ముందుగా తల స్కాన్ తీసి గాని సూది వేయరు. అది డాక్టరు చూసుకుంటాడు.

ఆ నీరు తేటగా ఉండి, అందులో చక్కెర మామూలుగా ఉండి, లింఫోసైట్లు అనే తెల్లకణాలు ఎక్కువగా ఉంటే వైరస్ వైపు అనుమానం మొగ్గుతుంది. చీములా మసకబారి, చక్కెర పడిపోయి ఉంటే బాక్టీరియా. ఫలితం వచ్చేదాకా డాక్టర్లు యాంటీబయాటిక్ సూదులు ఇస్తూనే ఉంటారు. వైరస్ అని తేలాక ఆపేస్తారు. "మొదట అన్ని సూదులు పొడిచి, ఇప్పుడు ఏమీ అక్కర్లేదంటున్నారేమిటి" అని చాలామంది అనుమానపడతారు. అనుమానం అక్కర్లేదు. అలా చేయడమే సరైన వైద్యం.

మళ్ళీ రనోమీ దగ్గరికి వద్దాం. జులైలో ఆస్పత్రిలో ఉన్న ఆ అమ్మాయి డిసెంబరులో దుబాయిలో ఉంది. 25 మీటర్ల కొలనులో జరిగే ప్రపంచ పోటీలవి. 50 మీటర్లు, 100 మీటర్లు రెండు ఫ్రీస్టయిల్ పందేలలోనూ ఆమే మొదటిది. రిలేలో కూడా స్వర్ణం. అయిదు నెలలు!

ఈ మాట చదవగానే మీ అమ్మాయి కళ్ళు మెరుస్తాయని నాకు తెలుసు. అందుకే వెంటనే ఇంకో మాట చెప్పాలి. ఆ అమ్మాయి ధైర్యం వల్ల జబ్బు తగ్గలేదు. వచ్చిన రకం వైరస్ రకం కావడం వల్ల తగ్గింది. బాక్టీరియా రకం వచ్చి ఉంటే ఎంత ధైర్యమున్నా మందు వేళకు పడితే తప్ప లాభం లేదు. నా చేతిలో పోయిన పిల్లలు పిరికివాళ్ళు కారు. "మనసు గట్టిగా ఉంటే ఏ జబ్బూ ఏమీ చేయలేదు" అని కోలుకునేవాళ్ళ దగ్గర కూర్చుని ఉపన్యాసమిచ్చే చుట్టాలను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ధైర్యం పనికొచ్చేది తర్వాత, నీరసంతో ఓపిగ్గా కాపురం చేయవలసిన రోజుల్లో.

ఇంకొకటి. ఆమె జాతీయ జట్టులోని క్రీడాకారిణి. చుట్టూ శిక్షకులు, వైద్యులు ఉంటారు. అంతకు ముందే ఏళ్ళ తరబడి కొలనులో గట్టిపడిన శరీరం. వారంపాటు మంచాన పడితేనే మనిషి రక్తంలో నీటిభాగం తగ్గుతుంది, గుండె వేగంగా కొట్టుకోవలసి వస్తుంది, కాళ్ళ కండలు మెత్తబడతాయి. ఇది ఛాంపియనుకూ తప్పదు, మనకూ తప్పదు. లేచి బాత్‌రూముకు వెళ్ళేసరికి ఆయాసం రావడానికి సగం కారణం జబ్బు, సగం కారణం మంచం.

ఆమె ఈదే పందెం ఎటువంటిదో కూడా చెబితే మీకు సంగతి తేలిగ్గా బోధపడుతుంది. 50 మీటర్ల కొలనులో 50 మీటర్ల పందెమంటే ఈ చివర దూకితే ఆ చివర చేయి ఆనించడమే. మలుపు లేదు. ఇరవైనాలుగు సెకన్లు. మీరు ఈ పేరా చదివినంతసేపు కూడా పట్టదు. అంతసేపట్లో పెద్ద ఈతగాళ్ళు ఊపిరి ఒకసారి తీస్తారు, లేదా అసలు తీయరు. కండరాల్లో ముందే నిలవున్న శక్తిని ఒక్క గుక్కలో ఖర్చు పెట్టేస్తారు. ఆ శక్తి సాధన చేసేటప్పుడు పెరగదు. సాధనలో కండ అలుస్తుంది, విశ్రాంతిలో, నిద్రలో, తిండితో పెరుగుతుంది. పెద్ద పోటీ దగ్గరపడుతున్నకొద్దీ ఈతగాళ్ళు సాధన పెంచరు, తగ్గిస్తారు. మన ఊళ్ళ మాస్టర్లలో ఇంకా కొందరికి ఈ సంగతి ఎక్కలేదు. పోటీ ముందువారమే పిల్లల్ని రుబ్బేస్తారు.

దుబాయి తర్వాత అంతా పూలబాటేమీ కాదు. 2011లో షాంఘైలో ప్రపంచ పోటీల్లో 50 మీటర్లలో రెండో స్థానం, 100 మీటర్లలో మూడో స్థానం వచ్చాయి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ముందు రిలేలో రజతం. ఆ తర్వాత 100 మీటర్లలో 53.00 సెకన్లతో స్వర్ణం. రెండు రోజులకు 50 మీటర్లలో 24.05 సెకన్లతో ఇంకో స్వర్ణం. రెండూ అప్పటికి ఒలింపిక్ రికార్డులు. పన్నెండేళ్ళ కిందట సిడ్నీలో అదే దేశపు ఇంగె డి బ్రుయిన్ గెలిచిన జంట పందేలను ఇప్పుడు ఈమె గెలిచింది. మీ అమ్మాయి గోడమీది బొమ్మ బహుశా ఆ రోజులదే అయి ఉంటుంది.

2013లో బార్సిలోనాలో 50 మీటర్ల ప్రపంచ విజేత కూడా ఆమే. 2016లో రియోలో మాత్రం 50 మీటర్లలో ఆరో స్థానం వచ్చింది. స్వర్ణం గెలిచిన అమ్మాయిది 24.07, ఈమెది 24.19. మొదటి స్థానానికీ ఆరో స్థానానికీ మధ్య సెకనులో పన్నెండు వందో వంతులు! రెప్పపాటు కంటే తక్కువ. అటువంటి ఓటమిని మళ్ళీ మంచం పట్టినంత పనిగా తీసుకునేవాళ్ళుంటారు. ఆమె మరుసటి ఏడు 2017లో బెర్లిన్‌లో 25 మీటర్ల కొలనులో 50 మీటర్లను 22.93 సెకన్లలో ఈది ప్రపంచ రికార్డు పెట్టింది. ఆ దూరాన్ని 23 సెకన్లలోపు ఈదిన మొదటి స్త్రీ ఆమే. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 2022లో పోటీల నుంచి విరమించింది. మంచాన పడినప్పటికీ ఆమెకు ఇరవై ఏళ్ళు నిండలేదు. ఆ తర్వాత పదకొండేళ్ళకు పైగా ప్రపంచస్థాయిలో ఈదింది. మీ అత్తగారికి చదివి వినిపించవలసిన భాగం ఇదే.

ఇక మీ అమ్మాయి మాట.

సాయంత్రానికి వాడిపోవడం ఈ జబ్బులో మామూలే. తలనొప్పి, నీరసం, చిరాకు, చదివింది తలకెక్కకపోవడం కొన్ని వారాలు, కొందరికి రెండు మూడు నెలలు కూడా ఉండవచ్చు. పిల్ల బద్ధకించిందని తిట్టకండి. మధ్యాహ్నం ఒక గంట పడుకోనివ్వండి. బడికి మొదట పూటబడిలా పంపండి. తిండి విషయంలో పెద్దవాళ్ళు "లంఖణం పరమౌషధం" అంటారు. ఆ మాట కోలుకునే పిల్లకు వర్తించదు. చారన్నం ఒక్కటే పెట్టి పెట్టి పిల్లను ఎండబెట్టకండి. పప్పు, గుడ్డు, పెరుగు, వేరుశెనగ ఉండలు, దొరికిన పండు, అన్నీ పెట్టండి. పెరుగు పెడితే మళ్ళీ మెదడుకు చలువ చేస్తుందనే భయం అక్కర్లేదు.

పగలంతా తలనొప్పి లేకుండా, మాత్ర వేసుకోకుండా వారం గడిచాక మొదట నడక మొదలుపెట్టించండి. పదిహేను నిమిషాలు, అరగంట, అలా. మర్నాడు పొద్దున్నే లేచినప్పుడు పిల్ల ఎలా ఉందన్నదే మీకు కొలబద్ద. తేటగా లేస్తే కొంచెం పెంచండి. తలనొప్పితో లేస్తే రెండు రోజులు వెనక్కి తగ్గండి. నడక, మెట్లు ఇబ్బంది లేకుండా కుదిరాక నీళ్ళలోకి పంపవచ్చు. మొదటి వారంలో గడియారం చూడకుండా, మెల్లగా, ఒడ్డు పక్క వరుసలోనే ఈదాలి. దూకడం, ఊపిరి బిగబట్టి ఈదడం చివరికి పెట్టుకోమనండి. మాస్టారికి నా మాటగా చెప్పండి: ఒంటరిగా ఈదనివ్వకూడదు, ఎవరో ఒకరి కన్ను ఆమెమీద ఉండాలి.

మీ ఉత్తరంలో రాయని సంగతి ఒకటుంది. ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో పిల్లకు ఫిట్స్ ఏమైనా వచ్చాయా? వచ్చి ఉంటే పైన చెప్పినదంతా ఆపి, నరాల వైద్యుడు సరేననేదాకా కొలను దగ్గరికి పంపవద్దు. నేలమీద వచ్చిన ఫిట్స్‌కు పక్కన మనిషి ఉంటే చాలు. నీళ్ళలో వస్తే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. అలాగే వినికిడి పరీక్ష ఒకసారి చేయించండి. వైరస్ రకంలో చెవులు పోవడం అరుదే. కాని పరీక్షకు పోయేదేమీ లేదు గనుక సందేహం పెట్టుకోవడం ఎందుకు? బాక్టీరియా రకం వచ్చిన పిల్లలకు మాత్రం నెల తిరగకుండా చేయించి తీరాలి.

కొలను నీళ్ళ వల్లే ఈ జబ్బు వచ్చిందా అని మీ వీధిలో అనుకుంటున్నారేమో. చెప్పలేం. ఆ వైరసులు నీళ్ళలోనే కాదు, బడిలోనూ, పెళ్ళిపందిట్లోనూ దొరుకుతాయి. కొలనులో క్లోరిన్ సరిగా కలుపుతుంటే వాటి ఆట కట్టు. కళ్ళు మండేంత ఘాటు వాసన వస్తే క్లోరిన్ బాగా ఉందని సంతోషించకండి. చెమట, మూత్రంతో కలిసి అది ఖర్చయిపోయిందని దాని అర్థం. నీళ్ళు తేటగా, అడుగున గీతలు స్పష్టంగా కనబడాలి. విరేచనాలవుతున్న పిల్లను కొలనులో దించకూడదు. నీళ్ళు నోట్లోకి పోతే మింగకూడదు. మంచినీళ్ళ సీసా ఎవరిది వాళ్ళదే. కేరళలో 2024, 2025లలో కనబడిన మెదడు తినే అమీబా వార్తలు చదివి భయపడి ఉంటారు. అది వేరు. నిలవ ఉన్న వెచ్చటి మంచినీటి చెరువుల్లో, కుంటల్లో, శుభ్రం చేయని కొలనుల్లో ఉంటుంది, ముక్కుగుండా పోతుంది. చాలా అరుదు, కాని వస్తే చాలా చెడ్డది. ఎండాకాలంలో పాచిపట్టిన కుంటలో పిల్లల్ని దూకనివ్వకపోవడమే దానికి విరుగుడు.

చంటిపిల్లల తల్లులకు కూడా ఈ సందర్భంలో ఒక మాట. ఏడాదిలోపు పిల్లలకు మెడ బిగుసుకోకపోవచ్చు. జ్వరంతో పాలు తాగకపోవడం, కీచుగా ఏడవడం, ఎత్తుకుంటే ఇంకా ఎక్కువ ఏడవడం, నడినెత్తిన మెత్తటి మాడు ఉబ్బి కనబడడం, ఇవే గుర్తులు. పెద్దపిల్లల్లో జ్వరంతో పాటు ఒంటిమీద ఊదారంగు మచ్చలు లేచి, గాజుగ్లాసు ఆనించి నొక్కినా పోకుండా ఉంటే బస్సు కోసం ఎదురుచూడకుండా దొరికిన బండి ఎక్కించండి. ఛాయ తక్కువ పిల్లల్లో ఆ మచ్చలు సరిగా కనబడవు, అరచేతులు, అరికాళ్ళు, కనురెప్ప లోపలివైపు చూడాలి. పుట్టగానే వేసే బి.సి.జి., ఆరు వారాల నుంచి వేసే పెంటావలెంట్, న్యుమోకోకల్ టీకాలు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. ఈ చెడ్డ రకాలలో కొన్నింటిని అవి చాలావరకు ఆపుతాయి. జపనీస్ మెదడువాపు ఉండే జిల్లాల్లో దానికీ టీకా వేస్తున్నారు. మీ ఆరోగ్య కార్యకర్తను అడగండి.

జిల్లా పోటీలు ఏ తేదీనో మీరు రాయలేదు. నెల లోపలే అయితే ఈసారికి పేరు తీయించేయండి. మాస్టారు నొచ్చుకుంటే నా ఈ జవాబు చూపించండి. రనోమీ కూడా బుడాపెస్ట్ వెళ్ళలేదని మీ అమ్మాయికి గుర్తు చేస్తే ఒప్పుకుంటుంది. మూడు నెలల తర్వాత ఉండేవయితే ఇప్పుడే కాదనవద్దు, పిల్ల కోలుకునే తీరునుబట్టి చూద్దాం. ఫిట్స్ సంగతీ, వినికిడి పరీక్ష ఫలితమూ తెలుపుతూ ఇంకో ఉత్తరం రాయండి. కవరు మీద "ఈత అమ్మాయి" అని రాస్తే నాకు వెంటనే గుర్తొస్తుంది.